చుక్కల తెరపై తెలుగు అక్షరము

తెలుగు లిపిలో ‘ద’ అను అక్షరమునకును ‘ధ’ అను అక్షరమునకును గల భేదము అడుగున నుండు ఒక చిన్న గీత మాత్రమే. ఆ ‘ధ’ కడుపులో ఒక చుక్క ఉంచినచో ‘థ’ అగును. ‘ర’ కడుపులో చుక్క పెట్టి ‘ఠ’ అనుచున్నాము. ‘ప’ క్రింద గీత గీసి ‘ఫ’ అనుచున్నాము. రథము, పీఠము, ఫలము, ధనము - ఈ మాటల అర్థమంతయు ఆ చుక్కలమీద, ఆ గీతలమీద ఆధారపడి ఉన్నది.

తణుకులోగాని, తాడేపల్లిగూడెములోగాని, ఏలూరులోగాని పెండ్లి శుభలేఖలు కూర్చువారు, ప్రశ్నపత్రములు తయారుచేయు ఉపాధ్యాయులు నేడు ఈ అక్షరములను మొట్టమొదట చూచుచున్నది కాగితముపై కాదు, కంప్యూటరు తెరపై. ఆ చిన్న గీత తెరపై సరిగా కనబడనిచో తప్పు కన్నుగప్పి కాగితముమీదికి పోవును. కాగితముమీదినుండి విద్యార్థి నోటికి, వ్రాతకు చేరును. కనుక తెర యొక్క సూక్ష్మత కేవలము సొగసునకు సంబంధించిన విషయము కాదు.

ఇటీవలి సంవత్సరములలో అతి సూక్ష్మమైన తెరలుగల ల్యాప్‌టాపులు విరివిగా వచ్చినవి. వీనిపై అక్షరము అచ్చుపుస్తకములో వలె నిండుగా, నునుపుగా ఉండునని చెప్పుదురు. అది నిజమే. కాని అట్టి యంత్రమును క్రొత్తగా తెరచినవారిలో కొందరికి అక్షరములు చీమతలకాయలవలె కనబడుటయు నిజమే. అక్షరమును స్పష్టము చేయవలసిన తెరయే అక్షరమును కనబడకుండ చేయుట ఎట్లు సంభవించును? దీనికి సమాధానము చెప్పుటకు, తెలుగు అక్షరము ఏయే పలకలపై ఎట్లు ఇమిడినదో చూడవలెను.

ప్రతి పలకకును ఒక సూక్ష్మత

ఏలూరునకు ఉత్తరమున పెదవేగి అను గ్రామము కలదు. ప్రాచీన వేంగీ నగరము ఇదియే. క్రీస్తుశకము నాలుగు, ఐదు శతాబ్దులలో శాలంకాయన రాజులు ఇచ్చటినుండి పాలించిరి. ఆ వంశమునకు చెందిన నందివర్మ యొక్క తామ్రశాసనమొకటి కొల్లేటి శాసనమను పేరున ప్రసిద్ధము. దక్షిణభారత లిపులను పరిశోధించిన బర్నెల్ పండితుడు 1874లో ప్రచురించిన గ్రంథమున ఈ ప్రాంతపు లిపికి వేంగీ లిపి యని పేరు పెట్టెను. నేటి తెలుగు, కన్నడ లిపులకు పూర్వరూపములను వెదకువారు ఇట్టి శాసనములను తప్పక చూతురు.

రాగిరేకుపై ఉలితో చెక్కినవానికి ఉలిమొన వెడల్పుకంటె సన్నని గీత సాధ్యము కాదు. తాటియాకుపై గంటముతో వ్రాసినవానికి మరియొక నిర్బంధము: అడ్డగీతలు బలముగా గీచినచో ఆకు ఈనెవెంబడి చీలును. తెలుగు అక్షరము గుండ్రముగా మారుటకు ఇది ఒక కారణమందురు. తరువాత సీసపు అచ్చులు వచ్చినవి. 1746లో జర్మనీలోని హాలే నగరమున బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకమును అచ్చువేయించెను. 1814లో శ్రీరామపురమున కేరీ రచించిన తెలుగు వ్యాకరణము వెలువడినది. ఇచ్చట చిక్కు వేరు. రోమను అక్షరములు ఒక వరుసలో ప్రక్కప్రక్కన కూర్చుండును. తెలుగు అక్షరమునకు పైన గుడి, క్రింద వత్తు, కొన్నియెడల వత్తుక్రింద మరియొక వత్తు. ‘శాస్త్రము’, ‘రాష్ట్రము’ అను మాటలను కూర్చుటకు అచ్చుకూర్పరి ఒకే అక్షరమునకు అనేకమైన ముక్కలను చేర్చవలసి వచ్చెడిది.

రాగిరేకు, తాటియాకు, సీసపు దిమ్మె - ప్రతిదానికిని తాను పట్టగల అతి సన్నని గీత ఒకటి కలదు. దానినే ఆ పలక యొక్క సూక్ష్మత యనవచ్చును. అక్షరము ఆ సూక్ష్మతతో రాజీపడి బ్రతికినది. కంప్యూటరు తెరయు అట్టి పలకలలో ఒకటి. భేదమేమనగా, ఇచ్చట గీత అనునది లేదు, ఉన్నవన్నియు చుక్కలే.

చుక్కలతో వ్రాత

తెరపై కనబడు ప్రతి అక్షరమును, ప్రతి బొమ్మయు సమానమైన చిన్న చదరపు చుక్కల కూర్పే. ఈ చుక్కకు పిక్సెల్ అని పేరు. సంక్రాంతి ముగ్గు వేయు గృహిణి ముందు చుక్కలు పెట్టి తరువాత గీత కలుపును. తెరకు గీత కలుపు అవకాశము లేదు. ఏ చుక్క వెలుగవలెను, ఏది ఆరవలెను అని మాత్రమే చెప్పవచ్చును.

రోమను అక్షరమునకు చాల తక్కువ చుక్కలు చాలును. అడ్డముగా 5, నిలువుగా 7 చుక్కలలో ఆంగ్లమునందలి పెద్దబడి అక్షరములన్నియు చదువదగినట్లు వ్రాయవచ్చును. 1981లో ఐ.బి.ఎమ్. సంస్థ విడుదలచేసిన వ్యక్తిగత కంప్యూటరులో రంగుల చిత్రములు చూపు కార్డు ఒక్కొక్క అక్షరమునకు 8 అడ్డచుక్కలు, 8 నిలువుచుక్కలు కేటాయించెడిది. ఆ ఎనిమిది వరుసలలో ‘స్త్రీ’ అని వ్రాయ ప్రయత్నింపుడు: పైన గుడిదీర్ఘమునకు రెండు వరుసలు, క్రింద తావత్తునకును రావత్తునకును కలిపి మూడు వరుసలు తీసివేసినచో, ‘స’కు మిగులునది మూడు వరుసలే. అందులో దాని మెలికలేవియు ఇమడవు. కంప్యూటరు తెలుగుదేశమునకు ఆలస్యముగా తెలుగు నేర్చినదనుటకు ఇది ఒక ముఖ్యకారణము. తప్పు భాషలో లేదు. చుక్కల కొరతలో ఉన్నది.

ఈ కొరతను అధిగమించుటకు భారతదేశమున ప్రత్యేకకృషి జరిగినది. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలైన పరిశోధన, 1988లో పూనాలో స్థాపితమైన సి-డాక్ సంస్థలో కొనసాగినది. ఆ సంస్థవారి ‘జిస్ట్’ కార్డును కంప్యూటరులో అమర్చినచో తెలుగు మొదలగు భారతీయ లిపులు తెరపై కనబడెడివి. 1991లో భారత ప్రమాణముల సంస్థ భారతీయ లిపులకు ‘ఇస్కీ’ అను సంకేత ప్రమాణమును ప్రకటించినది. అదే సంవత్సరమున వెలువడిన యూనికోడ్ ప్రథమ సంపుటములో తెలుగునకు 128 స్థానములు లభించినవి.

సంకేతమువేరు, రూపమువేరు అని ఇచ్చట గ్రహింపవలెను. ‘ధ’ అను అక్షరమునకు సంకేతము ఒక సంఖ్య. దానికి చుక్కలతో పని లేదు. ఆ సంఖ్యను చూచి తెరపై ఆకారము గీయు పని ఫాంటుది. ప్రారంభమున ఫాంటులన్నియు చుక్కల పటములే. 1991, 92 సంవత్సరములలో ట్రూటైప్ అను పద్ధతి ఆపిల్, మైక్రోసాఫ్ట్ సంస్థల యంత్రములలో ప్రవేశించిన పిమ్మట, అక్షరమును వక్రరేఖల సమీకరణములుగా భద్రపరచుట వ్యాపించినది. వక్రరేఖను ఎంతకైనను పెంచవచ్చును, తగ్గింపవచ్చును. కాని చివరకు తెరపై చూపునప్పుడు మరల చుక్కలుగా మార్చక తప్పదు. చుక్కలు తక్కువైనచో వక్రము మెట్లుమెట్లుగా విరుగును. ‘ధ’ అడుగుగీత పైనున్న ఒడలికి అతుకుకొనిపోవును. దీనిని నివారించుటకు ఏ పరిమాణమున ఏ రేఖ ఏ చుక్కపై నిలువవలెనో ఫాంటుకర్త ఒక్కొక్క ఆకారమునకు వేరుగా సూచనలు వ్రాయవలెను. రోమను లిపిలో పెద్దబడి, చిన్నబడి కలిసి 52 ఆకారములు; తెలుగులో గుణింతములు, వత్తులు కలుపుకొనినచో కొన్నివందలు. ఈ శ్రమ కారణముననే చాలకాలము మంచి తెలుగు ఫాంటులు అరుదయ్యెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పితో ‘గౌతమి’ అను తెలుగు ఫాంటు లభించినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంటులు తెలుగు చదువరులకు మరికొంత ఊరట కలిగించినవి.

తెర ఎదిగిన తీరు

ఒడిలో పెట్టుకొనదగిన కంప్యూటరులలో తొలివానిలో ఒకటియైన గ్రిడ్ కంపాస్ 1982లో వెలువడినది. దాని తెరపై అడ్డముగా 320, నిలువుగా 240 చుక్కలు. 1985 నాటి తోషిబా యంత్రముపై 640, 200. 1987లో ఐ.బి.ఎమ్. వారు ప్రవేశపెట్టిన వి.జి.ఎ. పద్ధతితో 640, 480 చుక్కలు సర్వసామాన్యమైనవి. ద్రవస్ఫటికపు తెరలు మెరుగైనకొలది చుక్కల సంఖ్య పెరిగినది. 2001లో ఐ.బి.ఎమ్. వారి టి-220 అను బల్లతెరపై, 22.2 అంగుళముల కర్ణముగల వైశాల్యములో, 3,840 అడ్డచుక్కలు, 2,400 నిలువుచుక్కలు అమర్చబడినవి. అనగా అంగుళమునకు సుమారు 204 చుక్కలు. అది సామాన్యులకు అందని వస్తువు. 2012లో ఆపిల్ సంస్థ 15 అంగుళముల ల్యాప్‌టాపును 2,880, 1,800 చుక్కలతో, అంగుళమునకు 220 చొప్పున విడుదలచేయుటతో అతిసూక్ష్మ తెరల యుగము ల్యాప్‌టాపులకు వచ్చినది.

కర్ణము 15.6 అంగుళములుగల ల్యాప్‌టాపులను రెండింటిని పోల్చి చూతము. చౌకరకపు తెరపై 1,366 అడ్డచుక్కలు, 768 నిలువుచుక్కలు ఉండును. మొత్తము పదిలక్షలకు పైగా. పైథాగరస్ సూత్రమువలన కర్ణముపై చుక్కలు 1,567. అంగుళమునకు సుమారు 100. అతిసూక్ష్మమైన తెరపై 3,840 అడ్డచుక్కలు, 2,160 నిలువుచుక్కలు. మొత్తము సుమారు 83 లక్షలు. అంగుళమునకు సుమారు 282. తెర పరిమాణము ఒక్కటే. చుక్కలు మాత్రము ఇంచుమించు ఎనిమిదిరెట్లు.

కంటి లెక్క

చుక్కలు ఎన్నియున్న చాలును? సామాన్యముగా ఆరోగ్యవంతమైన కన్ను రెండు బిందువులను వేరుగా గుర్తింపవలెనన్న అవి కంటివద్ద ఒక కళ, అనగా ఒక అంశలో అరువదవ వంతు కోణమును కల్పింపవలెను. 1862లో స్నెల్లెన్ అను వైద్యుడు రూపొందించిన కంటిపరీక్ష పటమునకు ఆధారము ఇదియే.

ల్యాప్‌టాపును 50 సెంటీమీటర్ల దూరమున ఉంచి చదువుదుమనుకొందము. ఆ దూరమున ఒక కళ కోణమునకు సరియగు పొడవు 0.145 మిల్లీమీటరు. అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లు గనుక, అంగుళమునకు సుమారు 175 చుక్కలున్నచో కంటికి విడివిడిగా కనబడవు. 40 సెంటీమీటర్ల దూరమునకు ఈ సంఖ్య 218 అగును; 30 సెంటీమీటర్లకు 291. దీనినిబట్టి 100 చుక్కల తెరపై మెట్లు కనబడుట సహజమనియు, 200 దాటిన తెర మామూలు దూరమున కన్ను కోరుదానికి సరిపోవుననియు తేలుచున్నది. గీతలు ఒకదానికొకటి ఏమాత్రము తప్పినను కనిపెట్టుటలో కన్ను ఇంతకంటె చురుకైనది గనుక మరికొన్ని చుక్కలు వ్యర్థము కావు. అయినను చుక్కలు పెంచుకొనుచు పోయినకొలది లాభము తరుగుచునే యుండును.

అక్షరము ఎందుకు కుంచించుకొనిపోయినది?

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ముద్రాపకులు అక్షరమును ‘పాయింటు’లలో కొలుతురు, 72 పాయింటులు ఒక అంగుళము. 12 పాయింటుల అక్షరమనగా అంగుళములో ఆరవవంతు, 4.2 మిల్లీమీటర్లు. 1984 నాటి మెకింటోష్ యంత్రము అంగుళమునకు 72 చుక్కలుగల తెరతో వచ్చినందున అచ్చట ఒక పాయింటు ఒక చుక్కకు సరిపోయినది. విండోస్ పద్ధతిలో అంగుళమునకు 96 చుక్కలని భావించిరి. అందువలన 12 పాయింటుల అక్షరమునకు 16 చుక్కలు. నాటి తెరలన్నియు ఇంచుమించు ఆ సాంద్రతలోనే ఉన్నందున ఎవరికిని ఇబ్బంది కలుగలేదు. ప్రోగ్రాములు వ్రాయువారు కొలతలన్నింటిని అంగుళములలో గాక చుక్కలలో వ్రాయుటకు అలవాటుపడిరి.

ఈ అలవాటే చిక్కు తెచ్చినది. 16 చుక్కల అక్షరమును అంగుళమునకు 282 చుక్కల తెరపై చూపినచో దాని ఎత్తు 1.4 మిల్లీమీటరు మాత్రమే. ఆ కొలతలోనే గుడి, ఒడలు, వత్తు మూడును ఇమడవలెను. రోమను అక్షరము చిన్నదైనను ఎట్లో చదువవచ్చును. తెలుగు వత్తు అరమిల్లీమీటరు కూడ లేక ధూళికణమువలె కనబడును. చుక్క చిన్నదైనప్పుడు చుక్కలు లెక్కించుట మాని పొడవు లెక్కింపవలెనన్న సత్యమును యంత్రము విస్మరించుటయే దీనికి కారణము. గజము కురుచయైనదని తెలియక పాత లెక్కనే గుడ్డ కత్తిరించిన దర్జీవానివంటిదే ఈ పొరపాటు.

పరిష్కారము సులభముగా తోచును: 16 చుక్కలకు బదులు 48 చుక్కలతో అక్షరము గీసినచో ఎత్తు 4.3 మిల్లీమీటర్లగును. దీనినే మూడువందల శాతము పెంపు అందురు. 2012లో ఆపిల్ సంస్థ ప్రతి పాతచుక్కకు నాలుగు క్రొత్తచుక్కలు కేటాయించి, 2,880 అడ్డచుక్కల తెరను 1,440 చుక్కల తెరగా ప్రోగ్రాములకు చూపెను. విండోస్‌లో 2007 నాటి విస్టా, తాము తెరసాంద్రతను ఎరుగుదుమని చెప్పని పాత ప్రోగ్రాముల బొమ్మను సాగదీసి చూపు పద్ధతిని తెచ్చినది. 2013 నాటి 8.1 సంస్కరణము ఒక్కొక్క తెరకు వేరువేరు పెంపును అనుమతించినది.

పాత పనిముట్లు, క్రొత్త తెర

ఊళ్ళలో ఈ మార్పు అంత సాఫీగా జరుగలేదు. తెలుగు అచ్చుకూర్పు పనిలో చాలకాలము పేజ్‌మేకర్ అను ప్రోగ్రాము, దానితోపాటు ‘అను’ ఫాంటులు వ్యాప్తిలో ఉన్నవి. పేజ్‌మేకర్ 1985లో పుట్టి 2001లో ఏడవ సంపుటముతో ఆగినది. 2004లో దాని అభివృద్ధి నిలిపివేయబడినది. సూక్ష్మ తెరలు రాకమునుపే ఆగిపోయినందున తెర సాంద్రత అను విషయమే అది ఎరుగదు. అట్టి ప్రోగ్రామును క్రొత్త ల్యాప్‌టాపుపై తెరచినచో రెండే మార్గములు: ఉన్నదున్నట్లు చూపినచో పనిముట్ల గుర్తులు ఆవగింజలగును, సాగదీసి చూపినచో అన్నియు మసకబారును. సాగదీసిన బొమ్మలో చుక్కలు ఎనిమిదిరెట్లున్నను సమాచారము పెరుగలేదు గనుక ‘ధ’ అడుగుగీత మరల మొదటివలె అతుకుకొనిపోవును. ఖరీదైన తెరయుండియు పాత తెరపై చదివినట్లేయగును.

ఉపాధ్యాయులకు మరియొక అనుభవము. సూక్ష్మమైన తెరగల ల్యాప్‌టాపును తరగతిగదిలోని ప్రొజెక్టరుతో కలిపినచో ఒకేసారి రెండు భిన్నమైన సాంద్రతలకు లెక్క కట్టవలసి వచ్చును. ప్రొజెక్టరుకు 1,024, 768 చుక్కలే యున్నచో, ల్యాప్‌టాపుపై స్పష్టముగా కనబడిన రావత్తు గోడమీద మాయము కావచ్చును. తరగతికి సిద్ధపరచు పాఠమును ల్యాప్‌టాపుపై గాక గోడమీదనే, చివరి బల్లవద్దనుండి ఒకసారి చదివి చూచుట మేలు.

సూక్ష్మతకు ఖర్చును కలదు. ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు భాగములు; 83 లక్షల చుక్కలకు సుమారు రెండున్నర కోట్ల భాగములు. ఒక్కొక్క చుక్కకు నాలుగు బైటుల చొప్పున ఒక్క చిత్రమునకు 3 కోట్ల 30 లక్షల బైటులు కావలెను. 1981 నాటి కార్డుపై నున్న జ్ఞాపకశక్తి మొత్తము 16 వేల బైటులే. భాగములు చిన్నవైనకొలది వాని మధ్యనుండు తీగలు, ట్రాన్సిస్టరులు వెనుకదీపపు కాంతిలో ఎక్కువపాలు అడ్డగించును. అందువలన దీపము ఎక్కువగా వెలుగవలెను. బ్యాటరీ త్వరగా తరుగును.

ఎవరికి ఎక్కువ లాభము?

అయినను ఈ మార్పువలన రోమను లిపికంటె తెలుగు లిపియే ఎక్కువ లాభము పొందినదనుటకు కారణములున్నవి. తక్కువ చుక్కల కాలమున 1998లో మైక్రోసాఫ్ట్ సంస్థ క్లియర్‌టైప్ అను ఉపాయమును ప్రకటించినది. చుక్కలోని మూడు రంగుల భాగములను విడివిడిగా వాడుకొని, అడ్డముగా సూక్ష్మతను పెంచుట దాని సారము. రోమను అక్షరమునకు నిలువుగీతలెక్కువ గనుక ఇది బాగుగా ఉపకరించినది. కాని తెలుగు అక్షరమునకు కావలసినది నిలువుగా చోటు. వత్తులు క్రిందికి, గుడులు పైకి పోవుచుండగా అడ్డపు సూక్ష్మత సగము మందు మాత్రమే. చుక్కయే చిన్నదైనప్పుడు అడ్డము, నిలువు రెండును సమానముగా పెరిగినవి. 48 వరుసలలో ‘రాష్ట్రము’లోని రెండు వత్తులును వేరువేరుగా నిలిచినవి. ఫాంటుకర్త కొన్నివందల ఆకారములకు చుక్కచుక్కకు సూచనలు వ్రాయవలసిన అవసరము చాలవరకు తగ్గినది.

ఈ విషయమును పాఠశాలలో చిన్న ప్రయోగముతో చూపవచ్చును. చేతిఫోను తెరపై తెల్లని పుటను తెరచి, ఆవగింజంత నీటిబొట్టును దానిపై ఉంచవలెను. బొట్టు కుంభాకార కటకమువలె పనిచేసి, తెలుపు క్రింద దాగిన ఎరుపు, ఆకుపచ్చ, నీలపు భాగములను చూపును. తరువాత బొట్టును మెత్తనిగుడ్డతో తుడిచి, ‘రథము’, ‘పీఠము’ అను మాటలను ఒకే పరిమాణమున పాత తెరపైనను క్రొత్త తెరపైనను వ్రాసి, చుక్కలు కనబడుట ఏ దూరమున మానునో స్కేలుతో కొలువవలెను. ఆ దూరమునుండి తెరయొక్క సాంద్రతను విద్యార్థులు తామే లెక్కింపగలరు.

ల్యాప్‌టాపు ఎంచుకొనువారు, వాడువారు గుర్తుంచుకొనవలసినది ఒక్కటే. చుక్కల సంఖ్య తెరకు గుణము. చదువుటకు కావలసిన గుణము అక్షరపు ఎత్తు. మొదటిదానిని అంగడిలో కొందుము. రెండవదానిని మనమే అమర్చుకొనవలెను. కన్ను ముందుకు వంచి తెరవద్దకు పోవలసిన అవసరము కలిగినచో లోపము కంటిలోనే యున్నదని తొందరపడక, ముందుగా పెంపుశాతమును సరిచూడవలెను. రాగిరేకుపై ఉలిమొనకు లొంగి, తాటియాకుపై గంటమునకు ఒదిగి, ఎనిమిది వరుసల తెరపై చోటులేక నిలిచిన తెలుగు అక్షరమునకు తన గీతలన్నియు నిలుపుకొనదగిన చోటు నేటి తెర ఇచ్చుచున్నది. ఆ చోటును పూర్తిగా వాడుకొని, చదువదగిన ఎత్తున దానిని నిలుపుట చదువరి చేతిలోని పని.